విరగని కత్తికి మేం చేసిన పిడి

మా మేనకోడలు వైట్‌ఫీల్డ్‌లో ఏదో కంపెనీలో పని చేస్తుంది. ఈమధ్య ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక వార్త చూపించింది. “అత్తా, ఇది చూడు. ఫ్రాన్స్‌లో కొండగోడకి గుచ్చుకుని ఉన్న పాత కత్తి మిస్సింగ్ అంట. ఎవరో మహావీరుడిదంట. అంత ఎత్తులోంచి ఎట్ల తీసుకుపోయినారో!”

ఫోటోలో ఎత్తయిన రాతిగోడ, దాని పగుల్లో తుప్పు పట్టిన ఇనుప ముక్క, ఒక గొలుసు. నేను కళ్ళజోడు సర్దుకుని చూసి ఆ వీరుడి కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆ పిల్ల నోరు తెరిచింది.

“బడికి పోలేదంటావు, ఇదంతా నీకెట్ల తెలుసత్తా?”

“దాని పిడి తుడిచీ తుడిచీ నా వేలిగీతలు అరిగిపోయినాయమ్మా,” అన్నాను.

వేళాకోళం అనుకుని నవ్వింది. మిగతాది ఆమెకు చెప్పలేదు. కొత్తగా పనిలోకి అడుగుపెట్టే పిల్లలెవరైనా చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

నేను బడి మెట్లు ఎక్కలేదన్నది నిజమే. మా నాయన దేవుడి కవచాలకు నగిషీ పని చేసేవాడు. పాత రాగిరేకు ముక్కల మీద సూదిమొనతో గీయించి నాకు అక్షరాలు నేర్పాడు. పురాణాలు నోటికి చెప్పించాడు. లోహానికి మెరుగు పెట్టడమూ ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన పోయాక, ఆయన పని చేసిన బెంగళూరు నగర్తపేట కార్ఖానాలోనే నన్ను పెట్టుకున్నారు. ఆ అన్నం పెట్టిన గడపకు ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ గడప దగ్గరే నేను చూసినవాటిలో అన్నిటికన్నా కఠినమైన రోజు కూడా గడిచింది.

పొడుగాటి ఒకే గది. వీధివైపు నా మెరుగు చక్రం, నడుమ మాటు వేసే బల్ల, వెనక పోత కొలిమి. మాటు వేయడమంటే తగరం, సీసం కరిగించి రెండు ముక్కల్ని అతకడం. దీపాలు, గంటలు, అమ్మవారి ముఖాలు, కలశాలు చేసేవాళ్ళం. కొలిమి దగ్గర మా మేస్త్రి. హిందూపురం పక్కనుంచి పిల్లవాడిగా వచ్చి ఇక్కడే ముసలివాడైనవాడు. బల్ల దగ్గర మాటు పనివాడు. ముప్పై దాటని మనిషి, మేస్త్రిని ‘మామా’ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. పని నేర్పినవాడు కనుక మామ.

ఒక ఏడు బయటి దేశాలకు అలంకారపు ఆయుధాలు పంపే వ్యాపారి ఒకడు కార్ఖానా యజమాని మా సావుకారికి పని తెచ్చాడు. కత్తి అలుగులు వేరేచోట తయారై వస్తాయి. ఇత్తడి పిడి చేసి, తొడిగి, మెరుగు పెట్టి ఇవ్వడం మా వంతు. పిడి చివర చక్రంలాంటి బుడిపె ఉండాలి, అది లోపల డొల్లగా ఉండాలి అన్నారు. డొల్ల ఎందుకో మాకు అర్థం కాలేదు. సావుకారి కూతురు కాలేజీలో చదివేది. అలుగులతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి నాకు చెప్పింది. నేను మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరికీ పురాణం చెప్పినట్టు చెప్పాను.

వెయ్యేళ్ళకు ముందు మాట. ఫ్రాంకుల చక్రవర్తికి ఒక మేనల్లుడు. దేవదూత తెచ్చి ఇచ్చిన కత్తిని చక్రవర్తి ఆ మేనల్లుడి నడుముకు కట్టాడు. దాని బంగారు పిడిలో వాళ్ళ పుణ్యపురుషుల గుర్తులు దాచి ఉన్నాయి. ఒకరి పన్ను, ఒకరి నెత్తురు, ఒకరి వెంట్రుకలు, వాళ్ళ దేవమాత కట్టిన బట్టలో ఒక పీలిక. చక్రవర్తి సైన్యంతో కొండలు దాటుతుంటే, వెనక దండుకు కాపలాగా మేనల్లుడు ఉండిపోయాడు. ఇరుకు కనుమలో శత్రువు చుట్టుముట్టాడు. సాయానికి కొమ్ము ఊదమని తోడివాడు బతిమాలితే ఊదలేదు, పరువు తక్కువనుకున్నాడు. ఊదేసరికి అందరూ పోయారు. తానూ పోతానని తెలిశాక ఆయనకు మిగిలిన దిగులు ఒక్కటే. ఆ పిడి శత్రువు చేతిలో పడకూడదు. కత్తిని బండకేసి కొట్టాడు. బండ చీలింది, కత్తి విరగలేదు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు. చివరికి కత్తిని ఒంటి కింద దాచుకుని, శత్రువు వైపు ముఖం పెట్టి ప్రాణం వదిలాడు. కొందరేమో, ఆయన కత్తిని విసిరితే ఎగిరిపోయి దూరపు ఊళ్ళో కొండగోడకు గుచ్చుకుందంటారు. నా మేనకోడలు చూపించింది దాన్నే.

అసలు చరిత్రలో ఆయన పేరు ఒక్క పంక్తిలో వచ్చి పోతుందట. కనుమలో చనిపోయినవాళ్ళలో ఒకడు, అంతే. కత్తి ఊసే లేదట. ఆ మాట కూడా చెప్పాను గానీ ఎవరికీ పట్టలేదు.

“అంత మంచి కత్తిని బండకేసి కొట్టేకి ఆయనకు చేతులెట్ల వచ్చినాయక్కా?” అన్నాడు మాటు పనివాడు.

“శత్రువు చేతికి పోతే లోపలుండే దేవుళ్ళు గూడా పోతారు కదప్పా.”

“మన సావుకారైతే బండకేసి కొట్టకముందే బేరం మాట్లాడుండేవాడు,” అన్నాడు. సావుకారి కూతురే అందరికన్నా ఎక్కువ నవ్వింది.

మేస్త్రి నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని అడిగాడు. “మనం చేసే పిడిలో ఏం పెడతారంటమ్మా?”

“ఏం లేదు తాతా. ఖాళీ. ఊరికే షోకి,” అంది సావుకారి కూతురు.

“ఖాళీనా?” అన్నాడాయన. చేతిలోని ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు.

ఆయన పద్ధతి మాకందరికీ తెలుసు. అమ్మవారి ముఖమైనా, కలశమైనా, డొల్లగా చేసిన వస్తువును ఖాళీగా మూసేవాడు కాదు. నాలుగు అక్షింతలు, చిటికెడు కుంకుమ, ఒక రాగి తునక లోపల వేసేవాడు. “ఖాళీ ఇంట్లో ఏదో ఒకటి వచ్చి చేరతాది” అనేవాడు. గుడి వస్తువులకు సావుకారు కూడా సరే అనేవాడు. కత్తుల విషయంలో మాత్రం ముందే గట్టిగా చెప్పాడు. “మేస్త్రీ, దీంట్లో ఏమీ వెయ్యాకు. వాండ్లు ఊపి చూస్తారు. లోపల చప్పుడైతే సరుకంతా వాపసు పంపిస్తారు.” మేస్త్రి తలూపాడు.

పని మొదలైంది. బుడిపెను రెండు ఇత్తడి చిప్పలుగా మేస్త్రి పోసేవాడు. ఒకదాని మీద ఒకటి బోర్లించి తీగతో బిగించి బల్ల మీద పెట్టేవాడు. మాటు పనివాడు గ్యాసు మంటతో అంచు చుట్టూ అతికేవాడు. లోపలి గాలి వేడికి పొంగుతుంది కనుక పోయేందుకు సూదంత రంధ్రం ఒకటి ఉండేది. దాన్ని గాలి కన్ను అనేవాళ్ళం. అంతా అయ్యాక దాన్ని ఇత్తడి ముల్లుతో మూసేవాళ్ళు. ఆఖరుకి నా చేతికొచ్చేది. చక్రం మీద ఆనించినప్పుడు ఒక్కోదానిలో ఏదో సన్నగా గలగలమనేది. తగరం బొట్టు లోపల పడి ఉంటుందిలే అనుకునేదాన్ని. అలా పడటం మామూలే.

మాటు పనివాడి భార్యకు అప్పుడు నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి అతను నవ్వుతూనే భయపడేవాడు. ఫోన్ మోగితే చాలు, మంట ఆర్పేసి పరుగెత్తేవాడు.

“ఏందప్పా, నువ్వు కంటాండావా, ఆమె కంటాండాదా?” అని మేస్త్రి ఎగతాళి చేసేవాడు.

“ఇద్దరమూ కంటాండాము మామా. నువ్వు తాత అయ్యేకి రెడీగా ఉండు.”

ఆ రోజు మధ్యాహ్నం తొందరగా ఇంటికి పోవాలని ఆఖరి బుడిపె పట్టుకున్నాడు. అంచు చివర అతుకు నల్లద్దాల్లోంచి కనబడదని అద్దాలు నెత్తి మీదకు తోసుకున్నాడు. మాటు వేసే వాళ్ళందరూ అలా చేసేవాళ్ళే, మా నాయనతో సహా. చిన్న టపాకాయ పేలినంత చప్పుడైంది. అతను అరవలేదు. “అక్కా, నీళ్ళు” అన్నాడు. నేను తిరిగి చూసేసరికి చెంప మీద కరిగిన తగరం వెండిపూసల్లా గడ్డకట్టి ఉంది. కుడికన్ను ఉండవలసిన చోట చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తాగే నీళ్ళ బిందె ఎత్తి అతని ముఖం మీద వంచాను. నా వెనక మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఆయన కదల్లేదు. భయంతో బిగుసుకుపోయాడనుకున్నాను.

సావుకారే ఆటోలో తీసుకుపోయాడు. కంటి ఆస్పత్రిలో కూర్చున్నాడు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఎడమ కన్ను దక్కింది, దేవుడి దయ. కుడి కన్ను పోయింది. ఆ వారంలోనే అతనికి ఆడపిల్ల పుట్టింది.

కార్ఖానాలో అందరూ ఒకే మాట అన్నారు. అద్దాలు నెత్తి మీద పెట్టుకున్నాడు, మంట ఒకచోటే ఎక్కువసేపు నిలిపాడు. సావుకారు చెడ్డవాడు కాడు, ఆయనకు తెలిసింది ఆయన అన్నాడు. మాటు పనివాడూ అదే నమ్మాడు. నేను చూడటానికి పోతే మంచం మీద కూర్చుని కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు, పరాయివాళ్ళది ఎవరిదో తెచ్చి పెట్టినట్టు.

“నా చెయ్యేనక్కా. బిడ్డ ధ్యాసలో ఉంటిని. చెయ్యి తప్పింది.”

వంటింట్లో అతని భార్య నా చెవిలో చెప్పింది. “మా అమ్మనే అంటాండాది అక్కా. ఇది తండ్రి కన్ను తినేసి పుట్టిందంట. పాలిచ్చేకి గూడా అందరి ముందర తీసుకోవద్దంటాది. ఆయనేమో బిడ్డను ఎత్తుకోడు. ఈ చేత్తో వద్దులే అంటాడు.”

మరుసటి రోజు ఆ మాట మేస్త్రికి చెప్పాను. దుఃఖం ఆపుకోలేక చెప్పాను, ఆయనకేదో తెలుసని కాదు. అప్పటికే ఆయన పని పాడైంది. పోసిన చిప్పల్లో బుడగలు వస్తున్నాయి, మూసలో ఇత్తడి సగమే నిండుతోంది. ఎన్నడూ తప్పని మనిషి. నా మాట విని, “పసిబిడ్డనా? బిడ్డనా అట్లనేది?” అన్నాడు. లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు మళ్ళీ రాలేదు.

మహానవమి వచ్చింది. మా పనివాళ్ళకు ఆయుధపూజకు మించిన పండగ లేదు. కొలిమి, చక్రం, మాటు బల్ల కడిగి పసుపు రాశాం. తయారై ఉన్న ఆ అలంకారపు కత్తుల్ని అమ్మవారి పటం ముందు వరసగా పేర్చాం. పంపినవి పంపగా మిగిలినవి అవి. బొరుగులు, బెల్లం పళ్ళేల్లో పోశాం. గడప ముందు గుమ్మడికాయ కొట్టే నల్లరాయి ఒకటి ఉండేది.

మాటు పనివాడు నల్లకళ్ళద్దాలతో వచ్చాడు. వెనక భార్య, ఆమె భుజాన బిడ్డ. పూజకు కాదు, సెలవు తీసుకోవడానికి వచ్చాడు. ఎలక్ట్రానిక్ సిటీలో వాచ్‌మన్ పని చూసిపెట్టారట. తన గ్యాసు గొట్టాన్ని రెండు చేతులా ఎత్తి, మిగిలిన కంటికి అద్దుకుని, బల్ల మీద పెట్టేశాడు.

అప్పుడు మేస్త్రి పటం ముందు నుంచి ఒక కత్తి తీశాడు. అలుగుకు తన తువాలు చుట్టి పట్టుకున్నాడు, పిడి కిందికి వచ్చేలా. గడప దాటి నల్లరాయి దగ్గరికి పోయాడు. “మేస్త్రీ, అది పూజలో పెట్టింది!” అని సావుకారు లేచాడు. మేస్త్రి సుత్తి ఎత్తినట్టు ఎత్తి రాతికేసి కొట్టాడు. 

ఆ వీరుడి కత్తి ఎన్నిసార్లు కొట్టినా విరగలేదని నేనే కదా కథ చెప్పింది. మాది ఒక్క దెబ్బకే విచ్చుకుంది. బుడిపె అతుకు ఊడి చిప్పలు విడిపోయాయి. రాతి మీద, నిరుటి కుంకుమ మరకల మీద, మాడి నల్లబడ్డ అక్షింతలు పడ్డాయి. ఒక రాగి తునక కూడా.

“సావుకారూ, మీరు వద్దంటిరి. నేను పెట్టినా,” అన్నాడు మేస్త్రి. “అన్నింట్లోనూ పెట్టినా. మనవాండ్లు ఒక్కొక్కరి పేరు చెప్పుకోని ఒక్కొక్క దాంట్లో పెట్టినా. వాండ్ల కత్తిలో అంతమంది దేవుళ్ళు ఉండిరంటే, మనది ఖాళీగా పంపేకి నాకి చేతులు రాలేదు.”

సావుకారు ఏదో అనబోయాడు. మాటు పనివాడు చెయ్యి ఎత్తి ఆపాడు. రాయి దగ్గరికి వచ్చి వంగి, అక్షింతలు వేళ్ళతో నలిపి చూశాడు. పనివాడి చూపు అది.

“ఇవి ఎండువి మామా. ఎండుదానికి ఆవిరి పుట్టి అట్ల ఎగిరి కొట్టదు. నాకు పేలిన దాంట్లో ఏం పెట్టినావు?”

మేస్త్రి చేతిలోని కత్తిని గడప మీద పెట్టాడు. 

“పువ్వు. అమ్మవారి పాదాల దగ్గరిది. తీర్థంలో తడిపి పెట్టినా. తడి అని నాకి తెలుసు. గాలి కన్ను ఉండాది కదా, చాలుతుందిలే అనుకుంటి.”

“దాంట్లో మాత్రం పువ్వు యాల?”

“అది నీ పేరు మీదది నాయనా. మొదటి బిడ్డ పోయుండె కదా నీకు. ఈ బిడ్డన్నా నిలవాల అని.”

వీధిలో ఎవరో బండికి గుమ్మడికాయ కొట్టిన చప్పుడు వినిపించింది.

“అయితే నా చెయ్యి కాదు,” అన్నాడు మాటు పనివాడు. మేస్త్రితో కాదు, తనలో తాను అన్నట్టు.

“నీ చెయ్యి కాదు. బిడ్డా కాదు. వినమ్మా,” అని మేస్త్రి అతని భార్య వైపు తిరిగాడు, “మీ అమ్మకు చెప్పు. బిడ్డ కాదు, నేను. ఈ ముసలోడు తిన్నాడు ఆ కన్ను అని చెప్పు.”

మాటు పనివాడు భార్య దగ్గరికి నడిచి చేతులు చాపాడు. ఆమె బిడ్డను కుడిభుజం మీద పెట్టబోయింది. అతను తల అడ్డంగా ఊపి, ఎడంపక్కకు మార్చుకున్నాడు. బిడ్డ ముఖం చూశాడు. తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. 

“నువ్వు కోరుకున్నట్టే బిడ్డ బాగుండాది మామా. ఎడంపక్క ఎత్తుకుంటే కనిపిస్తాది నాకు.”

ఆ మాట క్షమించడమో, కొట్టడమో నాకు ఇప్పటికీ తెలియదు. మేస్త్రికి తెలిసినట్టుంది. గడప మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. సావుకారు కోపం చేయలేదు. ఆయన పక్కనే కూర్చుని, “ఆ దినమే చెప్పుండాల మేస్త్రీ” అని మాత్రం అన్నాడు. అన్నాల దగ్గర నేను చెప్పిన కథలో ఆ వీరుడు కూడా కొమ్ము ఆలస్యంగానే ఊదాడు. ఆ రోజంతా నా మనసులో అదే తిరిగింది.

మిగిలిన కత్తులన్నీ విప్పించారు. అక్షింతలు తీసి బయట పోసే పని నాకు చెప్పారు. పారబోయలేక కొంగున కట్టుకుని పోయి తులసికోటలో వేశాను. మేస్త్రి మళ్ళీ కొలిమి దగ్గరికి రాలేదు. తరువాతి మహానవమి నాటికి ఆయన లేడు. మాటు పనివాడు పాడె మోశాడు. దించి, అట్నుంచి అటే వెళ్ళిపోయాడు. కొంతకాలం వాచ్‌మన్‌గా చేసి, చెయ్యి ఊరుకోక తిరిగి వచ్చాడు. ఒంటికంటికి దూరం తెలియదు. తగరపు కడ్డీని ముందు వస్తువుకు తాకించి, తర్వాతే మంట దగ్గరికి తెచ్చేవాడు. అలాగే మళ్ళీ పని నేర్చుకున్నాడు. నేను పని మానేదాకా చూశాను. ఏ డొల్ల వస్తువు బల్ల మీదికి వచ్చినా చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఇచ్చినవాళ్ళను అడిగేవాడు, “లోపలేముండాది?” ఎంత నమ్మినవాళ్ళు ఇచ్చినా అడిగేవాడు. పనికి కొత్తగా వచ్చే పిల్లలకు నేను ఇవ్వగలిగిన చదువు ఆ ఒక్క ప్రశ్నే. మంట వెలిగించే ముందు అడగండి. ప్రేమగా పెట్టినదైనా సరే, అడగండి.

మేస్త్రి బతికుండగా, మంచం పట్టాక ఒకసారి చూడబోయాను. “ఒకటి నీ పేరు మీద గూడా ఉండెనమ్మా,” అన్నాడు. “అది ముందే పోయింది, ఓడలో.”

ఏం పెట్టావని అడగలేదు. ఆయన పాదాలు తాకి వచ్చేశాను.

నా పేరు మీది కత్తి ఇప్పుడు ఏ దేశంలో, ఎవరి ఇంటి గోడకు వేలాడుతోందో. వాళ్ళు దుమ్ము తుడిచినప్పుడు పిడిలో గలగలమంటుంది. లోపమనుకుని విప్పినా విప్పుతారు. మాడిపోయిన బియ్యపు గింజలు రాలితే ఏమిటో తెలియక ఊడ్చి పారేస్తారు. పారేసినా ఫరవాలేదు. పొద్దున్నే దీపం పెట్టి మా వాళ్ళందరి పేర్లూ చెప్పుకున్నాక, పేరు తెలియని ఆ ఇంటిని కూడా కలుపుకుంటాను. వాళ్ళ కళ్ళు చల్లగా ఉండాలి.